స్కౌట్ సోపానాలు: ముడుల కంటే ముందు క్యాలెండర్ చూడండి

"మా వాడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు స్కౌట్స్‌లో చేరితే టెన్త్ అయ్యేలోపు రాష్ట్రపతి అవార్డు వస్తుందా అండీ?" బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు తెలుగు తల్లిదండ్రులు జూన్ నెల రాగానే అడిగే ప్రశ్న ఇది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రాదు. పిల్లాడికి తెలివి చాలక కాదు, నెలలు చాలక.

ఒలింపియాడ్‌కి కోచింగ్ ఇప్పించినట్టు, వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి ఏడాది పోర్షన్ లాగించేసినట్టు ఇక్కడ కుదరదు. ఒక మెట్టుకీ తర్వాతి మెట్టుకీ మధ్య కనీసం ఇన్ని నెలలు గడవాలని నియమం ఉంది. ఆ నెలల్లో పిల్లాడు ట్రూప్ (స్కౌట్ల బృందం) మీటింగులకి వచ్చాడా, క్యాంపులో వండాడా, ఎవరికైనా పనికొచ్చే పని చేశాడా అన్నవి చూస్తారు. స్కౌటింగ్‌లో చిక్కుకున్న పిల్లల్లో ఎక్కువమంది ముడుల దగ్గర కాదు, తేదీల దగ్గర చిక్కుకుంటారు.

ఆరు మెట్లు, నలభై ఎనిమిది నెలలు

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబర్ 7న ఏర్పడింది. అంతకు ముందు దేశంలో ఎవరికి వారుగా నడిచిన సంఘాలు అప్పుడు ఒక గొడుగు కిందికి వచ్చాయి. మన దేశంలో మొట్టమొదటి స్కౌట్ ట్రూప్ పుట్టింది మాత్రం బెంగళూరులోనే. 1909లో కెప్టెన్ టి.హెచ్. బేకర్ మొదలుపెట్టాడు. అందులో మన పిల్లలకి చోటు లేదు. అనీ బెసెంట్ లాంటివాళ్లు వేరే సంఘాలు పెట్టాకే భారతీయ పిల్లల మెడలో స్కార్ఫ్ పడింది. దొడ్డబళ్లాపురలోని స్కౌట్ శిక్షణ కేంద్రానికి ఆవిడ పేరే ఉంది. బెంగళూరు పిల్లలు క్యాంపు అనగానే సంచీ సర్దుకుని వెళ్లే చోటు అది.

మెట్ల పేర్లు తెలుగు పిల్లలకి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు. సోపానం అంటే మెట్టే. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకి కూడా "ద్వితీయ" అంటే రెండోదని చెప్పడానికి ఒక నిమిషం చాలు. కన్నడ పిల్లలకీ అంతే. "సావధాన్, విశ్రామ్" అనే ఆదేశాలు మన ఊళ్లలో డ్రిల్లు పీరియడ్ చేసిన నాన్నలకి ఎలాగూ గుర్తుంటాయి.

ఇక లెక్క. చేరినప్పటి నుంచి ప్రవేశ్‌కి 3 నెలలు. అక్కడి నుంచి ప్రథమ సోపాన్‌కి 6 నెలలు. ద్వితీయకి ఇంకో 9, తృతీయకి 9, రాజ్య పురస్కార్‌కి 9, రాష్ట్రపతికి 12. కూడితే 48. ఇవి కనీస గడువులు. అంతకంటే తొందరగా కుదరదు, ఆలస్యమైతే మాత్రం ఎవరూ ఏమీ అనరు.

కర్ణాటక స్కూలు క్యాలెండర్‌తో కలిపి చూస్తే ఇలా ఉంటుంది. ఆరో తరగతి జూన్‌లో చేరిన పిల్లాడికి సెప్టెంబర్‌లో ప్రవేశ్. మార్చిలో ప్రథమ. ఏడో తరగతి డిసెంబర్‌లో ద్వితీయ. ఎనిమిదో తరగతి సెప్టెంబర్‌లో తృతీయ. తొమ్మిదో తరగతి జూన్‌లో రాజ్య పురస్కార్. పదో తరగతి జూన్‌లో రాష్ట్రపతి. కాగితం మీద ఇది అచ్చంగా సరిపోయింది. వాస్తవంలో సరిపోదు, ఎందుకంటే పై మెట్లకి పరీక్ష క్యాంపులు మనం అడిగిన రోజున పెట్టరు. పిల్లాడికి తొమ్మిది నెలలు ఆగస్టులో నిండితే, క్యాంపు జూలైలో అయిపోయి ఉంటే, తర్వాతి క్యాంపు వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే అయిదో తరగతిలోనో ఆరో తరగతి మొదట్లోనో చేర్పించమని చెప్పేది. స్కౌట్ వయసు మొదలయ్యేది పదేళ్లకి. ముగిసేది పదిహేడుకి. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు నిచ్చెనకే పోతాయి.

పదేళ్లలోపు అబ్బాయిలు కబ్‌లుగా, అమ్మాయిలు బుల్‌బుల్‌లుగా ఉంటారు. సోపాన్‌ల బదులు కబ్‌లకి నాలుగు చరణ్‌లు, బుల్‌బుల్‌లకి నాలుగు పంఖ్‌లు ఉంటాయి. అక్కడ నాలుగూ గెలిచినా స్కౌట్‌లో ప్రవేశ్ నుంచే మొదలు. అలవాటు మాత్రం వెంట వస్తుంది, అదీ తక్కువేం కాదు.

ఎడమ చేతి మీదిది వేరు, కుడి చేతి మీదిది వేరు

తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడ. సోపాన్ అంటే మెట్టు, ఒకదాని తర్వాత ఒకటి వరసలోనే ఎక్కాలి. దాని గుర్తు చొక్కా ఎడమ చేతి మీద ఉంటుంది. కొత్త మెట్టు ఎక్కితే పాతది తీసేసి కొత్తది కుట్టుకోవాలి. ప్రథమ, ద్వితీయ, తృతీయ మూడూ ఒకదాని కింద ఒకటి కుట్టించి పంపే అమ్మలు ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది, ఇన్‌స్పెక్షన్‌లో విప్పిస్తారు.

ప్రొఫిషియన్సీ బ్యాడ్జీలు వేరు. వంట, క్యాంపింగ్, సైకిల్, తోటపని, ఈత, ప్రథమ చికిత్స, దారి చూపడం, సమాజసేవ, ఇలా ఒక్కో నైపుణ్యానికి ఒక్కోటి. ఇవి కుడి చేతి మీద. వీటికి వరస లేదు, ఎవరికి ఏది ఇష్టమైతే అది తీసుకోవచ్చు. కానీ ద్వితీయ నుంచి పైకి వెళ్లే కొద్దీ ఫలానా జాబితాలోంచి ఇన్ని బ్యాడ్జీలు ఉంటేనే తర్వాతి మెట్టు అంటారు. అంటే రెండు దారులు విడిగా నడుస్తూ పై మెట్ల దగ్గర కలుస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. పిల్లాడు ముడులు, మంట, దిక్సూచి అన్నీ నేర్చుకుని తృతీయ క్యాంపుకి సిద్ధంగా ఉంటాడు. బ్యాడ్జీలు మాత్రం "తర్వాత చూద్దాం" అని వదిలేసి ఉంటాడు. క్యాంపుకి పది రోజుల ముందు మూడు బ్యాడ్జీలు ఒకే రోజు పరీక్ష పెట్టించుకుని, ఒకే తేదీతో సంతకాలు చేయించుకుని వస్తాడు. తోటపని బ్యాడ్జీకి విత్తనం వేసి, నీళ్లు పోసి, కొన్ని వారాలు మొక్కని పెంచాలి. సైకిల్ బ్యాడ్జీకి పంక్చర్ వేయడం రావాలి. ఈ రెండూ, వాటితోపాటు వంట కూడా, ఒకే ఆదివారం ఎలా అయ్యాయని ఎగ్జామినర్ అడిగితే పిల్లాడి దగ్గర జవాబు ఉండదు. మెట్టు ఎక్కిన మరుసటి వారం నుంచే బ్యాడ్జీ పని మొదలుపెట్టాలి. తొమ్మిది నెలలు దానికే ఇచ్చారు.

ఎవరు పరీక్షిస్తారు అన్నది కూడా మెట్టు మెట్టుకీ మారుతుంది. ప్రవేశ్, ప్రథమ వరకు మన స్కౌట్ మాస్టరే చూస్తారు. పైకి వెళ్లే కొద్దీ పరీక్ష ఆయన చేయి దాటి స్థానిక సంఘానికి, జిల్లాకి వెళుతుంది. రాజ్య పురస్కార్‌ది రాష్ట్ర స్థాయి, దాని సర్టిఫికెట్ మీద గవర్నర్ సంతకం ఉంటుంది. రాష్ట్రపతి అవార్డుది జాతీయ స్థాయి. బ్యాడ్జీలని కూడా సొంత స్కౌట్ మాస్టర్ కాకుండా ఆ విషయం తెలిసిన బయటి ఎగ్జామినర్ చూడాలి. "మా సార్ ఓకే అన్నారు కదా" అనే మాట ప్రథమ దాటాక చెల్లదు.

ప్రవేశ్: యూనిఫాం కొనకండి

మొదటి మూడు నెలలు పిల్లాడు రిక్రూట్. ఇంకా స్కౌట్ కాదు, స్కార్ఫూ బ్యాడ్జీ వేయకూడదు. చేరిన వారమే కొట్టుకెళ్లి బూడిద రంగు చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, బెరే టోపీ, బ్యాడ్జీలతో సహా కొనేస్తారు చాలామంది. చొక్కా, ప్యాంటు కొన్నా నష్టం లేదు. మిగతావి దీక్ష రోజున, అంటే ప్రమాణం చేసి స్కౌట్ అయ్యే రోజున, స్కౌట్ మాస్టర్ చేతుల మీదుగా రావాలి. స్కార్ఫ్ రంగు గ్రూపుని బట్టి ఉంటుంది, కొట్టువాడికి తెలియదు. ఆకుపచ్చ, ఊదా, పసుపు గ్రూపు స్కార్ఫ్‌లకి వాడరు.

ఈ మూడు నెలల్లో నేర్చుకునేవి కొన్నే. ప్రమాణం, తొమ్మిది నియమాలు, మూడు వేళ్ల సెల్యూట్, ఎడమ చేతి కరచాలనం, జాతీయ జెండా, సంస్థ జెండా, ప్రపంచ స్కౌట్ జెండా, హిందీలో ఉన్న ప్రార్థన, జెండా పాట. సంస్థ జెండా ముదురు నీలం, 180 సెంటీమీటర్ల పొడవు, 120 వెడల్పు, మధ్యలో పసుపు గుర్తు, ఆ గుర్తు మధ్యలో 24 ఆకుల అశోక చక్రం. తొమ్మిది నియమాలని పిల్లలు ఇంగ్లీషులో బట్టీ పడతారు. ఇంట్లో తెలుగులో చెప్పించండి. ఆరోది క్రమశిక్షణ గురించి, ప్రభుత్వ ఆస్తిని కాపాడటం గురించి. ఎనిమిదోది పొదుపు. "ఏ నియమాన్ని ఈ వారం పాటించావు, ఎలా?" అన్న ప్రశ్నకి బట్టీ పట్టినవాడు నీళ్లు నములుతాడు.

రోజుకో మంచి పని అన్నది కూడా ఇక్కడే మొదలవుతుంది. అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లాడికి రోజూ మంచి పని ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. లిఫ్ట్ పాడైన రోజున నాలుగో అంతస్తు మామ్మగారి పాల ప్యాకెట్ పైకి తీసుకెళ్లినా లెక్కే. అమ్మ చెప్పిన ఇంటిపని చేయడం మాత్రం లెక్కలోకి రాదు, అది ఎలాగూ చేయాల్సిందే.

ప్రథమ సోపాన్: ఆరు ముడులు

రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్, షీప్ షాంక్, ఫిషర్‌మన్స్ నాట్. ఇంట్లో ఉండాల్సింది మూడు మీటర్ల నూలు తాడు, పెన్సిల్ మందంలో. చిక్కపేటలో, కె.ఆర్. మార్కెట్ దగ్గర తాళ్ల కొట్లలో దొరుకుతుంది. నీలం రంగు ప్లాస్టిక్ తాడు మాత్రం వద్దు. అది జారుతుంది, ముడి సరిగ్గా వేసినా విడిపోతుంది, పిల్లాడు తనకి రాలేదనుకుంటాడు.

ఈ ఆరింటిలో దేనికి ఏ పనో తెలియకుండా వేళ్లతో వేయడం మాత్రమే నేర్చుకుంటే పరీక్షలో సగమే. ఒకే మందం తాళ్లు రెండు కలపడానికి రీఫ్. కట్టు కట్టినప్పుడు చివర్లు ముడేసేదీ ఇదే, ఎందుకంటే చదునుగా ఉంటుంది, ఒళ్లు నొక్కుకోదు. మందం తేడా ఉంటే షీట్ బెండ్. గుంజకి తాడు కట్టడానికి క్లోవ్ హిచ్. జారని ఉచ్చు కావాలంటే బోలైన్, బావిలోంచి మనిషిని లాగేది దానితోనే. తాడు కోయకుండా పొట్టి చేయాలంటే షీప్ షాంక్. తడి తాళ్లు, సన్నని తాళ్లు కలపాలంటే ఫిషర్‌మన్స్.

రీఫ్ నాట్‌లో జరిగే తప్పు ప్రతి ట్రూప్‌లో కనబడేదే. కుడి చివరని ఎడమ మీదుగా వేసి ముడి, తర్వాత ఎడమ చివరని కుడి మీదుగా వేసి ముడి. రెండోసారి కూడా కుడినే ఎడమ మీద వేస్తే అది గ్రానీ నాట్ అవుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. సరిచూసుకునే ఉపాయం ఉంది. సరైన ముడిలో చివర్లు వాటి తాడు పక్కనే ఒకే వరసలో పడుకుంటాయి. తప్పు ముడిలో అడ్డంగా రెండు వైపులా చెవుల్లా పొడుచుకొస్తాయి. మన బూట్ల లేసు మాటిమాటికీ ఊడిపోతుంటే అందులో ఉన్నది కూడా ఈ గ్రానీయే.

బోలైన్‌కి ప్రపంచమంతా కుందేలు కథ చెబుతారు. కుందేలు బొరియలోంచి పైకొచ్చి, చెట్టు వెనక నుంచి తిరిగి, మళ్లీ బొరియలోకి దూరుతుంది. తాడు చివరే కుందేలు. బొరియ, అంటే చిన్న రింగు, తిరగేసి చేస్తే కుందేలు ఎంత తిరిగినా ముడి పడదు. లాగగానే ఊడి చేతికొస్తే తప్పు కుందేలుది కాదు, బొరియది.

ప్రథమలోనే గాయాలు శుభ్రం చేయడం, త్రికోణపు గుడ్డతో చేతికి జోలె కట్టడం, ఈల, చేతి సైగలు, పెట్రోల్ పద్ధతి ఉంటాయి. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు, వాళ్లలో ఒకడే నాయకుడు. త్రికోణపు గుడ్డ కొననక్కర్లేదు, మీటరు చదరం నూలు గుడ్డని మూలగా కోస్తే రెండు వస్తాయి.

ద్వితీయ: రెండే అగ్గిపుల్లలు

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది, ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. బయట, కట్టెలతో, రెండు అగ్గిపుల్లలకి మించకుండా మంట వేయాలి. ఆ మంట మీద ఇద్దరికి సరిపడా తిండి వండాలి. గ్యాస్ లైటర్ తప్ప చేత్తో పట్టని పిల్లాడికి అగ్గిపుల్ల గీయడమే కొత్త. వాడి మొదటి పుల్ల గాలికి ఆరిపోతుంది, రెండోది భయంతో విరిగిపోతుంది.

పుల్ల గీయకముందే మంట సగం తయారవ్వాలి. మూడు రకాలు పక్కపక్కన సిద్ధంగా పెట్టుకోవాలి. అంటుకునేది: ఎండు కొబ్బరి పీచు, కొబ్బరి ఈనెలు, గుప్పెడు. పట్టుకునేది: అగ్గిపుల్ల మందం నుంచి పెన్సిల్ మందం వరకు చితుకులు, రెండు చేతుల్లో పట్టేంత. నిలబడేది: బొటనవేలు లావు నుంచి మణికట్టు లావు దాకా కట్టెలు. నేల మీద ముందు ఆకులు, ఎండుగడ్డి ఊడ్చేసి, గాలి వచ్చే వైపు వీపు పెట్టి కూర్చుని, పీచు కింద అగ్గి పెట్టాలి. పైన కాదు. మంట పైకే పోతుంది కనక పైన పెట్టిన అగ్గి అక్కడే చల్లారుతుంది. తర్వాత ఎక్కువగా జరిగే తప్పు తొందర. చితుకులు ఇంకా పట్టుకోకముందే లావు కట్టె పెట్టేస్తారు, గాలి ఆడక పొగ వస్తుంది, ఊదుతారు, కళ్లు మండుతాయి.

బెంగళూరులో సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో పెట్టే క్యాంపుల్లో ఇంకో చిక్కు. నేల మీద ఏరిన చితుకులన్నీ తడే. చెట్టుకే ఎండి వేలాడుతున్న కొమ్మల్ని ఏరాలి, విరిస్తే ఫట్‌మని శబ్దం రావాలి. వంగితే తడి ఉన్నట్టే. పీచుని ముందు రాత్రే ప్లాస్టిక్ సంచీలో చుట్టి సంచీ మధ్యలో పెట్టుకున్న పిల్లాడికి ఉదయం ఇబ్బంది ఉండదు. సాధన ఎక్కడ? పార్కులో నిప్పు పెట్టనివ్వరు, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అసోసియేషన్ ఒప్పుకోదు. ట్రూప్ హైక్‌కి వెళ్లినప్పుడే కుదరాలి, లేదా సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతగారి పెరట్లో. భోగి మంట దగ్గర నిలబడి చూడకుండా, దాన్ని పేర్చే పని పిల్లాడికి ఇవ్వండి. ద్వితీయ సోపాన్‌కి అంతకంటే మంచి ట్యూషన్ ఊళ్లో దొరకదు.

ఇదే మెట్టులో లాషింగ్, అంటే కర్రలు తాడుతో బిగించి కట్టడం. స్క్వేర్ లాషింగ్ ఒక్కటి దగ్గరగా చూద్దాం. నిలువు కర్రకి, అడ్డ కర్ర వచ్చే చోటుకి కాస్త కింద క్లోవ్ హిచ్. అడ్డ కర్ర దాని మీద ఆనించాలి. తాడు అడ్డ కర్ర ముందు నుంచి, నిలువు కర్ర వెనక నుంచి, మళ్లీ ముందు నుంచి, చదరంగా మూడు చుట్లు. ప్రతి చుట్టూ ముందు చుట్టు పక్కనే పడాలి, దాని మీద కాదు. ప్రతి చుట్టుకీ బలంగా లాగి బిగించాలి, చివర్లో ఒకేసారి లాగితే లోపలి చుట్లు వదులుగానే ఉండిపోతాయి. ఆ తర్వాత రెండు కర్రల మధ్య సందులోంచి, కర్రల చుట్టూ కాకుండా తాడు చుట్టూనే, రెండు మూడు చుట్లు. దీన్ని ఫ్రాపింగ్ అంటారు. కట్టు బిగిసేది దీనితోనే. చివరికి అడ్డ కర్రకి క్లోవ్ హిచ్‌తో ముగింపు. నిలువు మీద మొదలు, అడ్డం మీద ముగింపు, ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. తాడు ఎంత కావాలి? రెండు కర్రల మందం అంగుళాల్లో కూడి, అంగుళానికి మూడు అడుగుల చొప్పున. రెండంగుళాల వెదురు రెండైతే 12 అడుగులు. పిల్లలు ఎనిమిది అడుగులతో మొదలుపెట్టి, ఫ్రాపింగ్‌కి తాడు లేక వదిలేస్తారు. కట్టిన గేటు జెండా ఎత్తే ముందే ఒరిగిపోతుంది.

దిక్సూచి సంగతి. పదహారు దిక్కులు, ఒక్కోదానికీ మధ్య 22.5 డిగ్రీలు. ఇంట్లో బాల్కనీలో నిలబడి సాధన చేస్తే సూది ఇనుప రెయిలింగ్ వైపు లాగుతుంది. చేతిలో ఫోను, దాని అయస్కాంతం కవరు ఉంటే ఇంకా దారుణం. మైదానం మధ్యకి వెళ్లి చూడాలి. రాత్రిపూట ధ్రువ నక్షత్రంతో ఉత్తరం పట్టమంటారు. పుస్తకాల్లో అది ఆకాశంలో ఎక్కడో పైన ఉన్నట్టు బొమ్మ వేస్తారు. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనక ధ్రువం నేల అంచు నుంచి పదమూడు డిగ్రీల ఎత్తులోనే, అంటే చేయి చాచి పిడికిలి పట్టుకుంటే పిడికిలిన్నర కంటే తక్కువ ఎత్తులోనే ఉంటుంది. పక్క అపార్ట్‌మెంట్ అడ్డమొస్తే ఇక కనబడదు. చలికాలంలో ఓరియన్ నడుములోని మూడు చుక్కలు సులువు, అవి దాదాపు సరిగ్గా తూర్పున ఉదయించి పడమటన అస్తమిస్తాయి.

చెట్టు ఎత్తు అంచనా కూడా ఇలాంటిదే. మీటరున్నర కర్ర నిలబెట్టి దాని నీడ కొలవండి, చెట్టు నీడ కొలవండి. కర్ర నీడ మీటరు, చెట్టు నీడ 8 మీటర్లు అయితే చెట్టు 12 మీటర్లు. రెండు నీడలూ ఒకే సమయంలో కొలవాలి. ఒకటి కొలిచి, టిఫిను తిని వచ్చి ఇంకోటి కొలిస్తే సూర్యుడు ఆగడు కదా.

ప్రథమ చికిత్సలో పిల్లలకి ఇంటి నుంచి వచ్చే తప్పులే ఎక్కువ. కాలితే పసుపో టూత్‌పేస్టో పూస్తామంటారు. పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు పెట్టడమే సరైన జవాబు. పాము కాటుకి పైన గట్టిగా కట్టేయడం, కోసి రక్తం పీల్చడం రెండూ తప్పే. కదలనివ్వకుండా, వీలైనంత త్వరగా ఆసుపత్రికి. సినిమాలు చూసి నేర్చుకున్నది పరీక్షలో మార్కులు తేదు, నిజంగా జరిగితే ప్రాణం మీదికి తెస్తుంది.

తృతీయ, ఆ పైన

తృతీయలో పనులు పెద్దవవుతాయి, కొత్తదనం తక్కువ. డయాగ్నల్ లాషింగ్, తాడు చివర్లు అల్లడం, మ్యాప్ గుర్తులు, ఎముక విరిగితే చేయాల్సింది, సి.పి.ఆర్. సి.పి.ఆర్.లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు. బొమ్మ మీద చేసేటప్పుడు పిల్లలు మోచేతులు వంచేస్తారు, అర నిమిషంలో అలిసిపోతారు. చేతులు నిటారుగా పెట్టి ఒంటి బరువుతో నొక్కాలి.

రాజ్య పురస్కార్, రాష్ట్రపతి దగ్గర కొత్తగా నేర్చుకునేది ఇంకా తక్కువ, కింది మెట్లలో నేర్చుకున్నదే మళ్లీ అడుగుతారు. రెండేళ్ల కిందట వేసిన షీప్ షాంక్ ఇప్పుడు వేయమంటారు. ప్రథమలో "అయిపోయింది" అని వదిలేసినవాడు ఇక్కడ బయటపడతాడు. కింది మెట్లలో చేతులకి పట్టుబడిందా లేదా అన్నదే పై మెట్ల పరీక్ష.

లాగ్ బుక్

ఇన్నీ వచ్చినా క్యాంపు నుంచి వెనక్కి పంపేది చాలాసార్లు ఈ పుస్తకమే. హైక్ ఏ తేదీన, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత దూరం, వాతావరణం, ఏం వండారు, ఎవరెవరు వచ్చారు, దారి స్కెచ్, ఫోటో. ఒకే పెన్నుతో, ఒకే రాత్రి కూర్చుని రాసిన లాగ్ బుక్‌ని ఎగ్జామినర్ మొదటి మూడు పేజీల్లోనే పట్టేస్తారు. నంది హిల్స్ హైక్ జరిగిన రోజే పిల్లాడి స్కూల్లో పరీక్ష ఉందని హాజరు చూస్తే తెలిసిపోతుంది.

తేదీలది ఇంకో గొడవ. ద్వితీయ తేదీ ప్రథమకి ఎనిమిది నెలల ఇరవై రోజుల తర్వాత పడిందనుకోండి, పది రోజులు తక్కువని పై మెట్టు దరఖాస్తు ఆగిపోతుంది. పేరు కూడా అంతే. తెలుగు పిల్లలకి ఇంటిపేరు ముందుంటుంది, స్కూలు రికార్డులో చివరికి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటే సర్టిఫికెట్ వచ్చాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి. ప్రవేశ్ రోజునే ఆధార్‌లో ఉన్నట్టు రాయించండి.

మన చేతిలో లేనివి రెండు: గ్రూపు రిజిస్ట్రేషన్ ప్రతి ఏడాదీ కొత్తగా చేయించుకోవాలి, స్కౌట్ మాస్టర్ శిక్షణ పొంది వారెంట్ (సంస్థ ఇచ్చే నియామక పత్రం) ఉన్నవారై ఉండాలి. ఒక ఏడాది రిజిస్ట్రేషన్ జారిపోతే ఆ ఏడాది పిల్లలు చేసిన పని లెక్కలో పడటం కష్టం. చేర్పించేటప్పుడు ఈ రెండూ మొహమాటం లేకుండా అడిగి చూసుకోవాలి. పేర్లు దగ్గరగా ఉన్న వేరే సంస్థలు కూడా ఉన్నాయి. ప్రపంచ స్కౌట్ సంస్థలో మన దేశం తరఫున సభ్యత్వం భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌ది.

దేనికి పనికొస్తుంది

అడగకుండా ఎవరూ ఉండరు కనక చెప్పాలి. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. దానికి రాష్ట్రపతి అవార్డు ఒక్కటీ చాలదు. అయిదేళ్లు చురుకుగా సభ్యత్వం ఉండాలి, జాతీయ స్థాయిలో లేదా అఖిల భారత రైల్వే స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాల్లో పాల్గొన్నట్టు సర్టిఫికెట్లు ఉండాలి. టెన్త్‌లో అవార్డు తీసుకుని యూనిఫాం బీరువాలో పెట్టేసినవాళ్లకి డిగ్రీ అయ్యాక ఈ "అయిదేళ్లు చురుకుగా" అన్న మాట అడ్డం వస్తుంది. కర్ణాటక సి.ఇ.టి.లో కూడా ఎన్.సి.సి., క్రీడల పక్కన స్కౌట్స్‌కి ప్రత్యేక కోటా ఉంటుంది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేవి, పోటీ గట్టిగా ఉంటుంది. దీని కోసమే పిల్లాణ్ని చేర్పిస్తే ఇద్దరికీ విసుగే మిగులుతుంది.

మొదటి ప్రశ్నకి వద్దాం. ఎనిమిదో తరగతి జూన్‌లో చేరిన పిల్లాడు సెప్టెంబర్‌లో ప్రవేశ్, మార్చిలో ప్రథమ, తొమ్మిదో తరగతి డిసెంబర్‌లో ద్వితీయ, పదో తరగతి సెప్టెంబర్‌లో తృతీయ దాకా రాగలడు. అక్కడ ఆగి ఎస్.ఎస్.ఎల్.సి. రాసుకోవడం మంచిది, తృతీయ సోపాన్ చిన్నదేం కాదు. పి.యు.సి.లో (మన ఇంటర్) చేరాక, పెద్ద పిల్లల విభాగంలో రోవర్‌గా, అమ్మాయి అయితే రేంజర్‌గా మొదలుపెట్టొచ్చు. ఆ దారిలో ప్రవేశ్, ప్రవీణ్, నిపుణ్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి. దానికి 25 ఏళ్ల దాకా సమయం ఉంటుంది, రైల్వే కోటాకి రాష్ట్రపతి స్కౌట్‌తో సమానంగా రాష్ట్రపతి రోవర్ కూడా చెల్లుతుంది. ఎనిమిదో తరగతి పిల్లాడి కోసం ఈ వారం చేయగలిగింది మాత్రం ఒకటుంది: చిక్కపేటకి వెళ్లి మూడు మీటర్ల నూలు తాడు కొనడం.